మా బావ చిట్టీ ఎత్తిన రోజు

మా బావ సోమయాజులు "ఎనభై వేలు" అనేసరికి ఆ గదిలో ఉన్నవాళ్లమంతా కొయ్యబారిపోయాం. ఉప్మా వడ్డిస్తున్న విమల చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఇంత విడ్డూరం ఉండేది కాదు. అన్నది మా బావ.

ఇది అర్థం కావాలంటే చిట్టీ సంగతి కాస్త చెప్పాలి. నాంపల్లి స్టేషను వెనక సందులో ఇంద్రసేన గారి ఇల్లుంది. కింద ఆయన, ఆయన భార్య విమల ఉంటారు. పైన మా బావ, మా అక్క కమలకుమారి ముప్పై ఏళ్లకు పైగా కిరాయికి ఉంటున్నారు. విమల నెలకో ఆదివారం పాట పెట్టి చిట్టీలు నడుపుతుంది. నాతో కలిపి ఇరవై మంది, తలా పదివేలు, నెలనెలా రెండు లక్షలు. డబ్బు అవసరం పడ్డవాడు ఆ రెండు లక్షల్లో ఇంత వదులుకుంటానని పాడతాడు. అందరికన్నా ఎక్కువ వదులుకున్నవాడికి ఆ నెల డబ్బు. వాడు వదులుకున్నది అందరికీ సమానంగా పంచుతారు. ఏ తొందరా లేకుండా ఆఖరి నెల దాకా ఆగినవాడికి మాత్రం పైసా తగ్గకుండా మొత్తం చేతికొస్తుంది.

ఆ ఆఖరి నెల ఎప్పుడూ మా బావదే. ఎన్ని చిట్టీలు మొదలై ఎన్ని ముగిసినా ఆయన ఒక్కసారి కూడా పాట పాడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరెంత నష్టపోతున్నారో విని, తలాడించి, ఉప్మా తిని పైకి వెళ్లిపోయేవాడు. ఆయన పాటకు వచ్చేది ఉప్మా కోసమేనని నేను ఎగతాళి చేసేవాణ్ని. బావమరిదిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

అలాంటి మనిషి కొత్త చిట్టీ మొదటి పాటలోనే నోరు తెరిచాడు. అప్పటికి ఫోన్లు బాగుచేసే హర్ష, కొట్టు అడ్వాన్సు కోసం పదిహేను వేలు వదులుకుంటానన్నాడు. విమల "ఒకటోసారి" అంది. "రెండోసారి" అనబోతుండగా మా బావ ఎనభై వేలని అరిచినంత పనిచేశాడు.

"సార్, జర ఆగుండ్రి," అంది విమల. "మీరే పాడిన్రా? ఎనభై అంటే గదే ఆఖరు లెక్క. అంతకు మించి ఎవ్వరు పాడొద్దని మనమే పెట్టుకున్నం. పదహారు అన్నా మీకే వస్తుండె గదా!"

"ఒకేసారి గట్టిగా అంటే ఎవరూ అడ్డురారనుకున్నానమ్మా," అన్నాడు మా బావ.

చూశారా! జన్మలో పాట పాడనివాడికి పాడటం ఎలా వస్తుంది? వెయ్యి రూపాయలు ఎక్కువంటే దక్కేదానికి అరవై అయిదు వేలు ఎక్కువ అన్నాడు. నేను ఇంద్రసేన గారి వైపు తిరిగి, పెద్దాయన తెలియక అన్నాడు, కొట్టేయండి అన్నాను.

"గట్లెట్ల కుదురుతది రవన్నా? పాట పాటే. నోట్లకెళ్లి వచ్చినంక వాపసు తీసుకునుడు లేదు. ఇయ్యాల సార్‌కి ఇడిస్తె రేపు అందరు అడుగుతరు," అన్నాడాయన.

"బావా, మీకేమైనా మతిపోయిందా?" అన్నాను.

"నా డబ్బు, నా ఇష్టం," అని లేచి వెళ్లిపోయాడు. ఉప్మా తినలేదు. ఎనభై వేల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

మా బావంటే ఎవరో మీకు తెలియాలి. వాళ్లది బాపట్ల. యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చి ప్రభుత్వ కచేరీలు కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు, గుమాస్తా తండ్రి చంకనెక్కి నాలుగేళ్ల పిల్లవాడిగా వచ్చాడు. పెద్దయ్యాక నాంపల్లిలోనే ఒక సర్కారీ ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. గౌలిగూడ బస్టాండులో దిగితే సామాను భుజాన వేసుకుని ఇంటికి నడిచి వచ్చేవాడు తప్ప ఆటో ఎక్కేవాడు కాదు. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించేవాడు. పెళ్లిపిలుపుల వెనక తెల్ల భాగం మీద సరుకుల జాబితా రాసేవాడు. ఇంటికి కూతవేటు దూరంలో ఏటా నుమాయిష్ ఎగ్జిబిషను జరుగుతుంటే, ధరలు దిగే ఆఖరి రోజు దాకా అక్కను గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ రోజుకు మంచివన్నీ అమ్ముడైపోయి, అంచు విరిగిన పింగాణీ కప్పులు మిగిలేవి. మా అక్క వాటిలోనే అందరికీ కాఫీ ఇచ్చేది.

మా అక్కను చూస్తే నా కడుపు తరుక్కుపోయేది. నాలుగు నేత చీరలు, ఒక కుట్టుమిషను. చీరలకు ఫాల్సు కుట్టడం, జాకెట్లు కుట్టడం. ఒక్కగానొక్క కూతురు హైందవి ఖైరతాబాదులో కాపురం ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. అమ్మకు ఏదైనా కొనిపెడదామంటే "దాచుకోవే, ముందుముందు ఎన్నో ఉంటాయి" అని అక్కే వద్దనేది. బావ ఇంటి నీళ్లు తాగీ తాగీ అక్కకూ ఆ జబ్బే అంటుకుందని అనుకునేవాణ్ని.

ఆ పాట జరిగాక సందంతా ఒకటే గుసగుసలు. హర్ష అయితే పోలీసులమని ఫోన్లో బెదిరించి ముసలాళ్ల దగ్గర డబ్బు గుంజే దొంగల పనే ఇది అన్నాడు. విమల అంతకన్నా భయంకరంగా చెప్పింది.

"రవన్నా, ఏమనుకోకు. మనిషి బుద్ధి ఒక్కసారే గిట్ల మారితె పోయేకాలం అంటరు మా దిక్కు. దవాఖానకు ఏమన్న పోయి వచ్చిండా సారు?"

మా వైపూ అంటారు ఆ మాట. నాకు నిద్ర పట్టలేదు. అక్కకు చెబుదామంటే ధైర్యం చాలలేదు. చిట్టీ డబ్బు చేతికొచ్చిన ఉదయం బావ చంకలో సంచి పెట్టుకుని బయల్దేరితే, అబిడ్స్‌లో నా కళ్లద్దాల దుకాణం తెరవడం మానేసి ఆయన వెంట పడ్డాను. ఎవడో దొంగకు అప్పజెప్పబోతున్నాడు, అక్కడే పట్టుకుని నాలుగు తగిలించాలని నా ఉద్దేశం.

ఆయన ఎక్కడా ఆగలేదు. స్టేషను రోడ్డు దాటి, ఎండలో తల వంచుకుని నడిచి, తిన్నగా అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్లెక్కాడు. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ఎవడికి కడుతున్నారు బావా? నిజం చెప్పండి."

"ఎవడికీ కాదురా. మీ అక్క పేర వేస్తున్నాను."

ఆయనే నన్ను పక్కకు తీసుకెళ్లి నీడలో నిలబెట్టాడు.

"విద్యాసాగర్ గుర్తున్నాడా? మా ఆఫీసువాడు, పోయిన చిట్టీలో ఉన్నాడు. ఆఖరి నెల నాది, దాని ముందు నెల వాడిది. తన నెల రాకముందే పోయాడు. పాట రోజున వాడి చోటు ఖాళీగా ఉంటే చూస్తూ కూర్చున్నాను. నాకు డెబ్బై మూడు నిండాయి. ఆఖరి నెల దాకా నేనుంటానని ఎవరు హామీ? నేను పోతే పింఛను సగానికి పడిపోతుంది. మీ అక్క హైందవి ముందు చెయ్యి చాచకూడదు. ఇన్నేళ్లూ దాచిందంతా కమల పేరనే ఉంది. ఇది కూడా నేనుండగానే వేసేస్తే నాకు ఫికరుండదు."

"అంతా అక్క పేరనా? అక్కకు తెలుసా?"

"ఎలా చెప్పమంటావు? 'నేను చచ్చాక నీకు పనికొస్తాయే' అని ముత్తైదువ మొహం మీద అననా? తథాస్తు దేవతలు తిరుగుతుంటార్రా. ఇంట్లో అలాంటి మాట అనకూడదు."

నాకు ఒక పక్క కళ్లు చెమ్మగిల్లాయి, ఇంకో పక్క ఒళ్లు మండింది. ఇంత ప్రేమ లోపల పెట్టుకున్నవాడు ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చు కదా! పెళ్లాం దృష్టిలో పిసినారిగా బతికేశాడు గానీ నోరు విప్పలేదు. అక్కకు చెప్పకు అని నా చేత ఒట్టు వేయించుకుని లోపలికెళ్లి వరుసలో నిలబడ్డాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా ఒట్టు వేయించుకోవడం ఆయన తప్పు. నేను ఆటో ఎక్కి సరాసరి అక్క దగ్గరికి పోయాను.

అక్క మిషను మీద ఎవరిదో చీరకు ఫాలు కుడుతోంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఎనభై వేలనగానే ఆవిడ కాలు ఆగిపోయింది.

"ఎనభై వేలా! ఊరికే పారేశారా?"

"పారేశారే. కానీ మిగతాది నీ పేర వేశారు. ఇప్పటిదాకా దాచిందంతా నీ పేరనే ఉందట. ఆయన తరవాత నీకు ఇబ్బంది రాకూడదని."

అక్క సూది కింద చిక్కుకున్న చీరను మెల్లగా బయటికి లాగింది. తరవాత నా మొహంలోకి చూసి, చిన్నప్పుడు అటుకులు దొంగిలించి దొరికిపోయినప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది.

"నా దగ్గరున్నాయిరా."

"ఏమున్నాయి?"

"డబ్బులు. పధ్నాలుగు లక్షలు."

నాలుగు నేత చీరల మా అక్క దగ్గర పధ్నాలుగు లక్షలు! ఎలాగని అడిగితే చెప్పింది. ఆదివారం చిట్టీ కాకుండా విమల ఆడవాళ్లకు గురువారం మధ్యాహ్నం ఇంకో చిట్టీ నడుపుతుందట. బావ ఆఫీసుకు వెళ్లే రోజుల్లో మొదలుపెట్టింది. రిటైరయ్యాక ఆయన ఆ వేళకు పబ్లిక్ గార్డెన్సులో చెట్టు కింద పేపరు చదువుతుంటాడు గనక ఆగలేదు. కుట్టుపని డబ్బు, ఇంటిఖర్చులో మిగిల్చింది, అంతా అందులోకే. ఒక్కసారి కూడా పాట పాడలేదు. ఎప్పుడూ ఆఖరి నెలే.

"ఎందుకే ఇంత?"

"ఎందుకేమిట్రా? ఆయన పోయాక నాకుండాలి కదా."

"శివశివా! ముత్తైదువవి, ఆ మాటెలా అంటున్నావే?"

"ఎప్పుడన్నాను? అనలేకే కదా దాచుకున్నది! ఆయన డబ్బు ఎక్కడుందో, ఎవరి పేరనుందో నాకెప్పుడైనా చెప్పారా? చెప్పనివాళ్ల డబ్బును నమ్ముకుని కూర్చోనా? మనకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. రాని రోజుకని బిందెలు నింపుకుంటే, నీళ్లు రాకూడదని కోరుకున్నట్టా?"

మా గొంతులు విని విమల పైకి వచ్చింది. నా కోపమంతా ఆవిడ మీదికి మళ్లింది. మొగుడూ పెళ్లాలిద్దరి డబ్బూ ఈవిడ చేతుల మీదుగానే కదా పోయింది!

"నీకు తెలుసా ఈ సంగతి?"

"ఔ, తెల్సు. ఎందుకు తెల్వదు? మొగుడు ఐతారం చిట్టీల ఆఖరు అడుగుతడు, పెండ్లాం బేస్తారం చిట్టీల ఆఖరు అడుగుతది. నేనేం జేయాలె రవన్నా? చిట్టీ నడిపెటోళ్లు ఒకరి ముచ్చట ఇంకొకరి చెవుల ఏస్తె నమ్మకముంటదా? నా మొగనిక్కూడ చెప్పలే."

ఆవిడ అన్నది న్యాయమే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇంతలో బావ వచ్చాడు. చెమటతో తడిసిన చొక్కా, చేతిలో పోస్టాఫీసు రసీదు. గుమ్మంలోనే మా ముగ్గురి మొహాలూ చూసి నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అక్క లేచి వెళ్లి ఎదురుగా నిలబడింది. సాగదీయకుండా తన పధ్నాలుగు లక్షల సంగతీ, అవి ఎందుకో కూడా చెప్పేసింది.

మా బావ కళ్లజోడు తీసి పట్టుకున్నాడు.

"పధ్నాలుగా? అంటే, నేనెప్పుడు పోతానా అని ఇన్నేళ్లూ లెక్కలేసుకుంటూ కూర్చున్నావా కమలా?"

"మరి మీరు చేసిందేమిటి? మీరు ఏ రోజు కోసం దాచారు?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పడుకుంటూ, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే చావు కోసం డబ్బు దాచారు. ఆ మనిషేమో మా ఎదుట గుండ్రాయిలా నిలబడి ఉన్నాడు. ఎవరి మీద అరవాలో తెలియక నేను విమలను మంచినీళ్లు తెమ్మన్నాను.

నీళ్లు తాగి బావ మంచం మీద కూర్చున్నాడు. "ముందే తెలిస్తే..." అని ఆగిపోయాడు.

"తెలిస్తే?" అంది అక్క.

"ఏం లేదులే."

"చెప్పండి. ఇంకా దాచుకోవడానికి ఏం మిగిలింది?"

"సినిమాలకు వెళ్లేవాణ్నే," అన్నాడు మా బావ.

పిడుగు పడితే కూడా నేను అంత అదిరిపడేవాణ్ని కాదు. ఈయనకు సినిమాలా! ఇంట్లో టీవీలో పాట వస్తే ధ్వని తగ్గించమనే మనిషికా! ఆయన నేలకేసి చూస్తూ చెప్పుకుపోయాడు. పెళ్లికి ముందు ప్రతి శనివారం అబిడ్స్‌లో సినిమా. ఆ రోజుల్లో అక్కడ అడుగడుగునా హాళ్లే. బాల్కనీలో మొదటి వరుస, ముందున్న కమ్మీ మీద చేతులానించి చూడటం. బొమ్మ మొదలయ్యే ముందు తెర పైకి లేస్తుంటే కుర్చీ అంచుకు జరిగిపోయేవాడట. హైందవి పుట్టాక ఖర్చులు చూసుకుని మానేశాడు. అక్క వెళదామని అడిగితే కాదనలేక, చీకట్లో చూస్తే కళ్లు నొప్పి అని చెప్పాడు.

"కళ్లు నొప్పన్నారని వారంవారం అరికాళ్లకు ఆముదం రాశాను కదండీ!" అంది అక్క. "మీకు సినిమాలంటే చిరాకనుకుని నేనూ మానుకున్నాను."

నేనేం తక్కువ తిన్నానా? ఆ లేని నొప్పికి అప్పట్లో నా దుకాణంలో మూడుసార్లు కళ్లు పరీక్ష చేయించాను. లోపం లేదని తేలితే, అద్దాలు కొనాల్సి వస్తుందని ఉన్న లోపాన్ని దాచి బుకాయిస్తున్నాడనుకున్నాను.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒరేయ్ రవీ, ఫోన్ తియ్యి. ఏదో ఒక సినిమాకు టికెట్లు కొను. ఈ పూటకే. డబ్బు నేనిస్తాను."

ధర చూసి చెప్పాను. బావ ఉలిక్కిపడ్డాడు. "అంతా! రేపు పొద్దుటాటకైతే తగ్గుతుందేమో చూడరా."

"ఎనభై వేలు ఊరికే వదులుకొచ్చి, ఇక్కడ వంద రూపాయలకు బేరమా?" అంది అక్క. తరవాత విమల వైపు తిరిగింది. "వచ్చే గురువారం నేను కూడా పాడతాను విమలా. ఆఖరి నెల ఇంకెవరికైనా ఇచ్చెయ్యి."

"పాడు కమలక్కా. కానీ ఎట్ల పాడాల్నో ముందుగాల నా దగ్గర నేర్చుకో. సార్ తీరుగ ఎనభై అనకు," అంది విమల. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు ఆవిడకు.

సాయంత్రం ముగ్గురం ఆటో ఎక్కాం. నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాను. వాళ్లిద్దరూ వెనక కూర్చున్నారు. అక్క ఉన్నవాటిలో కాస్త మంచి చీర కట్టుకుంది. బావ ఆటో ఎక్కి కూడా మీటరు వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నాడు. అబిడ్స్‌లో ఎర్ర లైటు పడి ఆగాం. ఎడమ పక్క నాలుగంతస్తుల దుకాణాల సముదాయం, నిండా బట్టల కొట్లు, సెల్ ఫోన్ల కొట్లు.

"అదుగో, అక్కడే ఉండేది హాలు," అన్నాడు బావ. "అన్నిట్లోకీ పెద్దది. దాన్నీ కొట్టేశారు."

"ఎప్పుడు కొట్టేశారండీ?"

"పదిహేనేళ్లవుతుంది. కొట్టేస్తున్నారని తెలిసి, ఆఖరి వారం రోజూ ఇటు నడిచొచ్చి బయట పోస్టర్లు చూసి వెళ్లేవాణ్ని."

అక్క ఆ కొట్ల వైపే చూస్తూ ముందు అద్దంలో కనిపించింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నేను తిరిగి చూడలేదు, నాకు చేతకాలేదు.

"అప్పటికి నా దగ్గర నాలుగు లక్షలున్నాయండీ," అంది.

"నా దగ్గర ఆరు," అన్నాడు మా బావ.